సూక్ష్మరంధ్రాల పొడులపై పలుచని పూత: మోతాదే యంత్రాన్ని నిర్ణయించాలి

స్నాతకోత్తర విద్యార్థుల పరిశోధన ప్రతిపాదనలను పరిశీలించే సమావేశాలలో కొన్నేళ్లుగా ఒక మార్పు కనిపిస్తున్నది. ఒకప్పుడు నత్రజని ప్రయోగాలన్నీ మోతాదు, వేసే సమయం, వేసే పద్ధతి అనే మూడు అంశాల చుట్టూ తిరిగేవి. ఇప్పుడు వాటికి పూత అనే నాలుగవ అంశం తోడైంది. పాలిమర్ పూత యూరియా, సిలికా రంధ్రాలలో నింపిన పోషకం, లోహ ఆక్సైడు పూత వేసిన బయోచార్ లేదా జియోలైట్ వంటి పేర్లు తరచుగా వినవస్తున్నాయి. వరికి వేసిన నత్రజనిలో సగానికి పైగా పైరుకు అందకుండా పోతున్న స్థితిలో ఈ ఆసక్తి సహజమే, ఆహ్వానించదగినదే.

అయితే ఈ ప్రతిపాదనలలో ఒక పేజీ ఎప్పుడూ లోపిస్తున్నది. పూత వేసిన పదార్థాన్ని ఎక్కడి నుండి తెచ్చారో ఉంటుంది, పొలంలో ఎన్ని మడులలో వేస్తారో ఉంటుంది. ఆ పూతను ఏ పాత్రలో, ఏ యంత్రంలో, ఒక విడతకు ఎన్ని గ్రాములపై వేశారన్నది మాత్రం ఉండదు. అది రసాయన ఇంజనీర్ల పని, మనది కాదు అన్న భావన మనలో బలంగా ఉన్నది. ఈ భావన సరైనది కాదని, పూత వేసే రియాక్టరు గురించి కనీస పరిజ్ఞానం లేకుండా పూత ఎరువుల మీద క్షేత్ర ప్రయోగం చేయరాదని, ఎకరాకు వేయవలసిన మోతాదును బట్టే పూత యంత్రాన్ని ఎంచుకోవాలని నా అభిప్రాయం. నేను చేసిన పొరపాటు నుండి నేర్చుకున్నందువల్లనే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

మా డ్రమ్ము నేర్పిన పాఠం

చాలా సంవత్సరాల క్రితం నా పర్యవేక్షణలో ఒక విద్యార్థి లక్క పూత యూరియాపై పని చేశాడు. మొదటి నమూనాను ప్రయోగశాలలో ఒక గాజు గొట్టంలో, కింది నుండి వెచ్చని గాలి పంపుతూ, కొద్ది కొద్దిగా తయారు చేశాము. కుండీలలో ఫలితం ఆశాజనకంగా వచ్చింది. మరుసటి కారులో పొలానికి బస్తాల కొద్దీ కావలసి వచ్చింది. గాజు గొట్టంలో అంత తయారు చేయడం సాధ్యం కాదు. అందుచేత అదే లక్క ద్రావణాన్ని, అదే నిష్పత్తిలో, చేతితో తిప్పే విత్తనశుద్ధి డ్రమ్ములో పోసి పూత వేశాము. నిష్పత్తి మారలేదు కనుక పదార్థమూ మారలేదనుకున్నాము.

పొలంలో పూత యూరియాకూ మామూలు యూరియాకూ తేడా కనిపించలేదు. ఈ నేలల్లో ఈ పూత వల్ల ప్రయోజనం లేదని నివేదికలో రాశాము. ఆ వాక్యం శిక్షణ తరగతులలోకి కూడా వెళ్లింది. తరువాత ఒకనాడు గోదాములో మిగిలిన సంచిని విప్పి, గుప్పెడు గుళికలను నీటిలో వేసి చూశాము. చాలా గుళికలు మామూలు యూరియా కరిగినంత త్వరగానే కరిగిపోయాయి. కొన్ని మాత్రం వారాల తరబడి గింజల్లా అలాగే నిలిచాయి. కొన్నిటికి పూత దాదాపు లేదు, కొన్నిటికి అవసరానికి మించి ఉన్నది. సగటు మాత్రం మేము కోరుకున్నదే. మేము పొలంలో పరీక్షించినది లక్క పూతను కాదు, మా డ్రమ్మును. నివేదికలో రాసిన తీర్పు దేనికి వర్తిస్తుందో మాకే తెలియకుండా రాశాము.

రైతు ఇంట్లో ఇప్పటికే ఉన్న పలుచని పొర

పలుచని పొర అనగానే అదేదో ఎలక్ట్రానిక్స్ రంగానికి చెందిన మాటగా విద్యార్థులు భావిస్తారు. నిజానికి ప్రతి రైతు ఇంట్లోనూ అది ఉన్నది. మన దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేప నూనె పూత ఉండాలని 2015లో ప్రభుత్వం తప్పనిసరి చేసింది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆ పూత కనీసం 0.035 శాతం. అంటే 45 కిలోల బస్తాకు సుమారు 16 గ్రాములు.

రెండు మిల్లీమీటర్ల వ్యాసం గల యూరియా గుళికపై ఈ నూనె సమంగా పరుచుకుంటే పొర మందం ఎంత? యూరియా సాంద్రత 1.33, నూనె సాంద్రత 0.92గా తీసుకుని లెక్కిస్తే సుమారు 0.17 మైక్రాన్లు, అంటే 170 నానోమీటర్లు వస్తుంది. యూరియా గుళిక ఉపరితలం నున్నగా ఉండదు, దానిలో సన్నని రంధ్రాలూ పగుళ్లూ ఉంటాయి. ఇంత పలుచని నూనె వాటిలోకి ఇంకిపోతుంది. కనుక వేప పూత నీటిని ఆపే గోడ కాజాలదు. అది చేసే మేలు నేలలో నత్రీకరణను మందగింపజేయడం ద్వారా జరగవలసినదే. వేప పూత యూరియా నీటిలో కరగదని రైతులకు చెప్పే విస్తరణ సిబ్బంది ఈ ఒక్క లెక్క వేస్తే ఆ మాట అనరు.

దీనికి పక్కనే గంధకపు పూత యూరియాను నిలబెట్టండి. 2023లో మన దేశంలో యూరియా గోల్డ్ పేరుతో వచ్చిన ఎరువులో 37 శాతం నత్రజని, 17 శాతం గంధకం ఉంటాయి. అదే రెండు మిల్లీమీటర్ల గుళికకు ఈ గంధకమంతా బయటి పొరగా ఉన్నదనుకుంటే మందం 40 మైక్రాన్లకు పైగా వస్తుంది. వేప నూనె పొర కంటే ఇది 250 రెట్లు మందం. ఇది గోడ కాగలదు, కానీ పగుళ్లు లేనప్పుడు మాత్రమే. అమెరికాలో టెనెస్సీ వ్యాలీ అథారిటీ 1960లలో ఈ ఎరువును రూపొందించినప్పుడు, వేడి చేసిన యూరియాను తిరిగే డ్రమ్ములో దొర్లిస్తూ కరిగించిన గంధకాన్ని చిమ్మేవారు. చల్లారిన గంధకంలో పగుళ్లు, సూది రంధ్రాలు మిగిలిపోతాయి కనుక దానిపై మైనం పూత కూడా వేయవలసి వచ్చింది. ఎరువు ఎన్నాళ్లు నిలుస్తుందో గంధకం శాతం ఒక్కటే చెప్పదు. అది డ్రమ్ము వేగం, గుళికల ఉష్ణోగ్రత, చిమ్మే తీరు మీద ఆధారపడి ఉంటుంది.

డ్రమ్ము, తూర్పార, ఫ్లూయిడైజ్డ్ బెడ్

డ్రమ్ములో ఏమి జరుగుతుందో సంఖ్యాశాస్త్రం ద్వారా సులభంగా గ్రహించవచ్చు. గుళికలు దొర్లుతూ ఒక్కొక్కసారి పైకి వచ్చి తుంపర కిందుగా పోతాయి. ఏ గుళిక ఎన్నిసార్లు వస్తుందో యాదృచ్ఛికం. సగటున 4 సార్లు వస్తే, గుళికకూ గుళికకూ మధ్య పూత పరిమాణంలో వైవిధ్య గుణకం సుమారు 50 శాతం ఉంటుంది. సగటున 100 సార్లు వస్తే అది 10 శాతానికి తగ్గుతుంది. మేము విత్తనశుద్ధి డ్రమ్మును కొన్ని నిమిషాలు మాత్రమే తిప్పాము. క్షేత్ర ప్రయోగంలో 50 శాతం వైవిధ్య గుణకం వస్తే ఆ ప్రయోగాన్నే తిరస్కరించే మనం, ఎరువులో ఉన్న అదే వైవిధ్యాన్ని కొలవనైనా కొలవలేదు.

గాజు గొట్టంలో వాడిన పద్ధతికి మూలసూత్రం మన కళ్లాలలోనే ఉన్నది. తూర్పారపట్టేటప్పుడు గాలి తాలును ఎగరగొట్టి గింజను కిందికి వదులుతుంది. గాలి వేగం గింజ బరువును సరిగ్గా మోయగలిగినంత పెరిగితే గింజ పడిపోదు, ఎగిరిపోదు, తేలుతూ కదులుతుంది. ఒక నిలువు పాత్రలో కింది జల్లెడ గుండా గాలిని పంపి మొత్తం గింజల రాశిని ఇలా తేలిస్తే ఆ రాశి మరిగే ఎసరులా కదులుతుంది. దీన్నే ఫ్లూయిడైజ్డ్ బెడ్ అంటారు. ప్రతి గింజ చుట్టూ గాలి ఆడుతుంది, వేడి సమంగా అందుతుంది, గింజలు ఒకదానికొకటి అంటుకోవు.

అన్ని పొడులూ ఇలా తేలవు. గెల్డార్ట్ 1973లో పొడులను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులుగా విభజించాడు. మైదా వంటి అతి సన్నని పొడులు సి తరగతివి. వాటి కణాలు ఒకదానినొకటి అంటిపెట్టుకుంటాయి కనుక గాలి వాటి మధ్య బిలాలు చేసుకుని పోతుంది. వాటిని తేల్చాలంటే పాత్రను కంపింపజేయడమో, లోపల కలియబెట్టడమో చేయాలి. గాలితో పాటు పొడి కొట్టుకుపోకుండా పైన వడపోత కావాలి, ఆ వడపోత మూసుకుపోకుండా చూసుకోవాలి. యూరియా వంటి పెద్ద గుళికలు డి తరగతివి. వాటికి మధ్యలో వేగంగా చిమ్మే గాలిధార గల పాత్ర మేలు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేల్ వర్స్టర్ 1950లలో మందు బిళ్లల పూత కోసం రూపొందించిన యంత్రం ఈ కోవలోనిదే. గుళిక మధ్య గొట్టం గుండా పైకి లేచేటప్పుడు కింది నుండి తుంపర తగులుతుంది, బయటివైపు దిగేటప్పుడు ఆరుతుంది, మళ్లీ గొట్టంలోకి చేరుతుంది. ఈ చక్రం వందల సార్లు జరుగుతుంది కనుకనే పూత సమంగా వస్తుంది. హైదరాబాదు పరిసరాలలోని మందుల పరిశ్రమకు ఈ యంత్రాలు కొత్త కాదు.

ఒక గ్రాములో పది సెంట్లు

ఇంతవరకు చెప్పినది గుళిక బయటి తలానికి వేసే పూత. సూక్ష్మరంధ్రాల పొడి విషయం పూర్తిగా వేరు. మంచి సిలికా జెల్ ఒక గ్రాములో రంధ్రాల లోపలి ఉపరితలం 400 చదరపు మీటర్లు ఉండవచ్చు. మన కొలతలో అది పది సెంట్ల భూమి. పది గ్రాముల పొడిలో ఒక ఎకరం ఉన్నదన్నమాట. ఇంత వైశాల్యం మీద, లోపలి మూలల వరకు, సమంగా పూత వేయడం తుంపరతో కాని పని. ద్రవపు బిందువు రంధ్రపు ముఖద్వారాన్ని మూసివేస్తుంది.

ఇందుకు ఉపయోగపడే పద్ధతి అటామిక్ లేయర్ డిపోజిషన్, క్లుప్తంగా ఏఎల్‌డీ. దీని మూలాలు 1960లలో లెనిన్‌గ్రాడులో జరిగిన పరిశోధనలలో ఉన్నాయి. ఫిన్లాండులో టూమో సుంతోలా 1974లో దీన్ని తెరల తయారీ కోసం స్వతంత్రంగా అభివృద్ధి చేశాడు. పద్ధతి సూత్రం సరళమైనది. మొదట ఒక వాయువును పొడిలోకి పంపుతారు. అది ఉపరితలంపై ఉన్న చర్యాశీల స్థానాలు నిండే వరకే అంటుకుంటుంది, నిండిన తరువాత ఎంత పంపినా మరి అంటదు. మిగులును జడ వాయువుతో ఊడ్చివేసి, రెండవ వాయువును పంపుతారు. అది మొదటిదానితో చర్య జరిపి ఒక పొరను పూర్తి చేస్తుంది. అల్యూమినియం ఆక్సైడు పూతకు ట్రైమిథైల్ అల్యూమినియం, నీటి ఆవిరి ఈ రెండు వాయువులు. ఒక్కో చక్రానికి పెరిగే మందం సుమారు 0.1 నానోమీటరు. పొడులపై ఈ పనిని ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో చేయడంలో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో అలన్ వైమర్, స్టీవెన్ జార్జ్ బృందాలు, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో వాన్ ఒమ్మెన్ బృందం పేరు పొందాయి. తిరిగే డ్రమ్ము, పళ్లెం, పొడి గొట్టం గుండా వాయువుతో పాటు ప్రయాణించే నిరంతర రియాక్టరు వంటి రూపాలు కూడా ఉన్నాయి.

ఈ పద్ధతి అందాన్ని నేను కాదనను. తనంతట తానే ఆగిపోయే చర్య కనుక, సరిపడినంత వాయువు, సరిపడినంత సమయం ఇస్తే ఏ కణానికీ ఎక్కువ తక్కువలు ఉండవు. డ్రమ్ములో మాకు ఎదురైన సమస్యకు ఇది సరైన సమాధానం. కష్టమంతా ఆ సరిపడినంత అన్న మాటలో ఉన్నది.

మొదట లోతు చూద్దాం. 50 మైక్రాన్ల సిలికా కణంలో 10 నానోమీటర్ల రంధ్రం కణం మధ్య వరకు నేరుగా పోతుందనుకుంటే, దాని లోతు వ్యాసానికి 2500 రెట్లు. ఆరంగుళాల బోరును 1250 అడుగులు వేసినట్లు. వాయు అణువులు గోడలకు తగులుతూ, వెనుకకూ ముందుకూ పోతూ అడుగుకు చేరాలి. లోతు రెట్టింపయితే పట్టే సమయం నాలుగు రెట్లు అవుతుంది. తొందరపడితే ముఖద్వారం దగ్గర పూత పడుతుంది, లోపల పడదు. రసాయన విశ్లేషణలో వచ్చే సగటు అల్యూమినియం శాతం ఈ లోపాన్ని బయటపెట్టదు. పళ్లెంలో పొడిని మందంగా పరిస్తే పై పొరలోని కణాలకు ఒక విధంగా, అడుగు కణాలకు ఇంకో విధంగా పూత పడుతుంది. పొడిని నిరంతరం కదిలించే రియాక్టరు కావాలనడానికి కారణం ఇదే.

తరువాత వాయువు పరిమాణం. 400 చదరపు మీటర్లపై 0.1 నానోమీటరు పొర అంటే సుమారు 0.12 గ్రాముల అల్యూమినియం ఆక్సైడు. దానికి ట్రైమిథైల్ అల్యూమినియం కనీసం 0.17 గ్రాములు కావాలి. అంటే కిలో పొడికి ఒక్క చక్రానికే 170 గ్రాములు. పది చక్రాలు వేస్తే, రంధ్రాలు ఇరుకై వైశాల్యం తగ్గుతూ పోయినా, పూత బరువు అసలు పొడి బరువుతో పోల్చదగినంత అవుతుంది. పైగా ఇది గాలి తగిలితే తనంతట తానే మండే ద్రవం. మన వ్యవసాయ కళాశాలల ప్రయోగశాలలలో దీన్ని నిల్వ చేయడానికి తగిన ఏర్పాట్లు సాధారణంగా ఉండవు.

మోతాదు ముందు, యంత్రం తరువాత

ఇప్పుడు ఎకరం దగ్గరకు వద్దాం. వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని అంతా యూరియా రూపంలో ఇవ్వాలంటే 104 కిలోలు కావాలి. దీన్ని సిలికా రంధ్రాలలో నింపి ఇవ్వాలనుకుందాం. గ్రాముకు 0.8 మిల్లీలీటర్ల రంధ్ర పరిమాణం గల సిలికాలో, ఒక్క రంధ్రమూ ఖాళీ లేకుండా నింపినా, పట్టేది దాదాపు దానంత బరువు యూరియా మాత్రమే. అంటే ఎకరాకు మరో 100 కిలోల సిలికా. ఆ సిలికా లోపలి ఉపరితలం 10,000 ఎకరాలు. ఒక ఎకరం వరి కోసం పదివేల ఎకరాలకు పూత వేయమని రియాక్టరును అడుగుతున్నాము.

ముందే యూరియా నింపి, తరువాత బయటి తలానికే పూత వేయవచ్చు కదా అని విద్యార్థులు అడుగుతారు. అప్పుడు వాయువు ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ యూరియా 133 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఈ పూతకు సాధారణంగా వాడే ఉష్ణోగ్రతలు 100 నుండి 200 డిగ్రీలు. ఇంకా తక్కువలోనూ చేయవచ్చు గాని అప్పుడు ప్రతి చక్రంలో నీటి ఆవిరిని పూర్తిగా ఊడ్చివేయడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆ నీటి ఆవిరే యూరియాకు శత్రువు. పైగా కొన్ని నానోమీటర్ల ఆక్సైడు పొర, కింద యూరియా కొద్దిగా కదిలినా పగులుతుంది. కనుక యూరియా వంటి క్వింటాళ్ల మోతాదు ఎరువుకు ఏఎల్‌డీ తగదని నేను నిస్సంకోచంగా చెబుతాను. అక్కడ మనకు కావలసినది డ్రమ్మును బాగు చేసుకోవడం.

మోతాదు తగ్గిన కొద్దీ ఈ తీర్పు మారుతుంది. వరిలో కాండం తొలుచు పురుగుకు క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ద్రవం ఎకరాకు 60 మిల్లీలీటర్లు వాడితే, అందులోని అసలు మందు సుమారు 11 గ్రాములు మాత్రమే. దాన్ని మోయడానికి కొన్ని పదుల గ్రాముల సిలికా చాలు. లింగాకర్షక బుట్టలలో పెట్టే ఎరలో ఆకర్షక పదార్థం మిల్లీగ్రాములలో ఉంటుంది. ఇక్కడ ఒక కిలో పొడికి పూత వేయగల చిన్న రియాక్టరు కూడా ఎన్నో ఎకరాలకు సరిపోతుంది. అయితే క్రమం తిరగబడాలి. ఆవిరి కాగల పదార్థాన్ని ముందే నింపి శూన్యంలో పెడితే అది బయటకు వచ్చేస్తుంది. ఖాళీ పొడిపై పూత వేసి, ఒక్కో చక్రానికి రంధ్ర వ్యాసాన్ని సుమారు 0.2 నానోమీటర్ల చొప్పున ఇరుకు చేసి, ఆ తరువాత ద్రావణం ద్వారా మందు నింపడం సబబు. విడుదల వేగాన్ని రంధ్రపు వెడల్పుతో నియంత్రించవచ్చా అన్నది మన విద్యార్థులు చేపట్టదగిన మంచి పరిశోధన ప్రశ్న. జింకు వంటి సూక్ష్మపోషకాలు ఈ రెండింటికీ నడుమ ఉంటాయి. ఎకరాకు కిలోల మోతాదు గల వాటికి వర్స్టర్ తరహా యంత్రం తగినది.

నా వాదనకు ఒక అభ్యంతరం రావచ్చు. బ్యాటరీ పొడులకు ఏఎల్‌డీ పూతను పరిశ్రమ స్థాయిలో వేయగలుగుతున్నప్పుడు, ఎరువులకు రేపు ఎందుకు సాధ్యం కాదు? బ్యాటరీలో వాడే ధన విద్యుద్ధ్రువపు పొడుల ఉపరితలం గ్రాముకు ఒక చదరపు మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఒక చక్రానికి కిలోకు అర గ్రాము లోపు వాయువు చాలు. సిలికాకు 170 గ్రాములు కావాలి. పైగా ఆ పొడి ఖరీదు ఎక్కువ, చక్రాలు కొన్నే. అక్కడి విజయం సూక్ష్మరంధ్రాల పొడికి వర్తించదు, కిలో కొన్ని రూపాయలకు అమ్మే ఎరువుకు అసలే వర్తించదు.

పలుచని పూతకు అనుకూలంగా చెప్పదగిన మాట మరొకటి ఉన్నది. మందమైన పాలిమర్ పూతల ఖాళీ తొడుగులు నేలలో, నీటిలో మిగిలిపోతున్నాయి. ఎరువులపై వాడే పాలిమర్లు జీవక్షయం చెందాలనే నిబంధనను యూరోపియన్ యూనియన్ 2026 నుండి అమలులోకి తెచ్చేలా 2019లోనే చట్టం చేసింది. తక్కువ పదార్థంతో ఎక్కువ రక్షణ అనే లక్ష్యం సరైనది. ఆ లక్ష్యాన్ని చేరడానికి గుళికకూ గుళికకూ తేడా తగ్గించడం మొదటి మెట్టు. పూత సమంగా ఉంటే అది పలుచగా ఉన్నా సరిపోతుంది. సమంగా లేనప్పుడు బలహీనమైన గుళికలను కాపాడడానికి అన్నిటికీ మందంగా పూయవలసి వస్తుంది.

మనం చేయవలసినవి

మొదటిది, పూత పదార్థంతో పనిచేసే ప్రతి సిద్ధాంత వ్యాసంలోనూ, ఈ పత్రికకు వచ్చే ప్రతి వ్యాసంలోనూ యంత్ర వివరాలు ఉండాలి. రియాక్టరు రకం, ఒక విడతకు వేసిన పొడి బరువు, ఉష్ణోగ్రత, సమయం, పూతకు ముందూ తరువాతా ఉపరితల వైశాల్యం, గుళికల మధ్య పూత వైవిధ్య గుణకం రాయాలి. నేల వివరాలు లేని క్షేత్ర ప్రయోగాన్ని మనం ప్రచురించము. ఇదీ అంతే.

రెండవది, కుండీలో వాడిన నమూనా, పొలంలో వాడిన నమూనా వేర్వేరు యంత్రాలలో తయారైతే వాటిని వేర్వేరు పదార్థాలుగా పరిగణించి, విడుదల పరీక్షను మళ్లీ చేయాలి.

మూడవది, ప్రతిపాదన దశలోనే విద్యార్థి ఒక పేజీ లెక్క సమర్పించాలి. ఎకరాకు మోతాదు, దాన్ని మోసే పొడి బరువు, దాని మొత్తం ఉపరితలం, పూతకు కావలసిన ముడిపదార్థం, దాని ఖర్చు అందులో ఉండాలి. ఈ లెక్కకు సాయంత్రం ఒక గంట చాలు. రెండు కారుల శ్రమను అది కాపాడగలదు.

నాలుగవది, ప్రతి కళాశాలా ఖరీదైన ఏఎల్‌డీ పరికరం కొనడం కన్నా, కొన్ని కిలోల సామర్థ్యం గల ఒక ఫ్లూయిడైజ్డ్ బెడ్ పూత యంత్రాన్ని విశ్వవిద్యాలయానికి ఒకటి చొప్పున ఏర్పాటు చేసుకుని, ఫార్మసీ, రసాయన ఇంజనీరింగు విభాగాలతో కలిసి నడపడం మేలు. మిల్లీగ్రాముల మోతాదు పనులకు ఏఎల్‌డీ ఉన్న సంస్థలతో సహకారం పెట్టుకోవచ్చు.

ఐదవది విస్తరణ శాస్త్రవేత్తలకు. చెరకు రసంలో బ్రిక్స్ చూసే చేతి రిఫ్రాక్టోమీటరు మీ దగ్గర ఉన్నది. అది యూరియా ద్రావణానికి కూడా పనికివస్తుంది. 10 గ్రాముల మామూలు యూరియాను 100 మిల్లీలీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి వచ్చే రీడింగును నూరు శాతంగా తీసుకోండి. అంతే బరువు పూత యూరియాను మరో పాత్రలో వేసి, 24 గంటల తరువాత నెమ్మదిగా కలిపి రీడింగు చూడండి. పూత ఎరువులో కొంత భాగం పూత బరువే కనుక, దాని నత్రజని శాతాన్ని బట్టి లెక్కను సవరించుకోవాలి. నెమ్మదిగా విడుదలయ్యే ఎరువుకు యూరప్ ప్రమాణం ప్రకారం 25 డిగ్రీల నీటిలో 24 గంటలకు 15 శాతానికి మించి, 28 రోజులకు 75 శాతానికి మించి విడుదల కాకూడదు. మన వరి మడుల నీరు అంతకంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి విడుదల ఇంకా త్వరగా జరుగుతుంది. టెనెస్సీ వ్యాలీ అథారిటీ తన గంధకపు పూత యూరియాను 38 డిగ్రీల నీటిలో 7 రోజులు ఉంచి పరీక్షించేది. అది మన పరిస్థితులకు దగ్గరగా ఉన్న పరీక్ష.

అలాగే కరగకుండా మిగిలిన గుళికలను లెక్కపెట్టండి. కొన్ని వెంటనే కరిగి, కొన్ని ఎన్నటికీ కరగకపోతే ఆ ఎరువు పైరు అవసరానికి తగినట్లు నత్రజనిని అందించలేదు. అటువంటి సంచిని ఏ పేరుతో అమ్మినా, దానిపై సిఫారసు చేసే ముందు తయారీదారును యంత్రం గురించి అడగండి.

మా లక్క పూత నివేదికలోని వాక్యాన్ని తరువాతి శిక్షణ తరగతులలో నేనే సవరించి చెప్పాను. ఆ సవరణ ఎంతమందికి చేరిందో చెప్పలేను. మొదటి వాక్యాన్ని విన్న రైతులందరికీ మాత్రం అది చేరి ఉండదు. పొలానికి వెళ్లే ముందు నీటి గ్లాసులో గుప్పెడు గుళికలు వేసి చూసి ఉంటే ఆ సవరణ అవసరమే ఉండేది కాదు. మీ ప్రయోగంలో ఆ పరీక్షను మొదటి రోజునే చేయండి.